పాలిష్ గది

రెండు షోరూములు తిరిగి, కాళ్ళీడ్చుకుంటూ వచ్చి, బావా బావమరిదీ తమ షాపులో చెరో ఇనుప స్టూలు మీద కూలబడ్డారు. ఉక్కును కోసే పాత మిల్లింగ్ మెషిన్ ఉండే చోట ఇప్పుడు బోల్టు గుంతలూ నూనె మరకా మిగిలాయి. కొత్తది ఏది కావాలో రేపు పొద్దున్నే డీలరుకు చెప్పాలి. గోడ అవతల పాలిష్ గదిలో బావమరిది అక్క, సీసా మూతలు పోసే ఉక్కు అచ్చు ఒకటి రాయితో రుద్దుతోంది. రాయి చప్పుడు ఆగి ఆగి వినిపిస్తోంది.

"మామూలుదే తీసుకుందామంటున్నా. ఎన్నిసార్లు చెప్పాలి?"

"చెప్పావు బావా. ఎందుకో చెప్పలేదు."

"చెప్పాను. మనవి దిమ్మల్లాంటి ఉక్కు ముక్కలు. మెల్లగా తిరిగినా బలంగా కోసేది కావాలి. నువ్వు ముచ్చటపడ్డ ఆ హైస్పీడుది గీరుతుంది, కోయదు."

"గీరడమేగా మనక్కావాల్సింది. మోటు కోత బయట చేయించుకుందాం. ఆఖరి పొర మనం తీస్తే చాలు. దాని మీద తీసిన ముక్క చూశావుగా, వేలు పెడితే జారిపోయింది. పాలిష్ పని సగానికి సగం తగ్గుతుంది."

"డీలర్లు అలాగే చెబుతారు."

"డీలరు మాట కాదు, నా వేలు మాట. అక్క చేతులు చూశావా అసలు?"

"చూడకేం."

"పొద్దున టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది. జుట్టు ముడేసుకోలేకపోతున్నాను, కత్తిరించేసుకుంటానంటోంది."

"నన్ను రాక్షసుణ్ణి చెయ్యకు. ఆమె నొప్పి నాకు మాత్రం నొప్పి కాదా? మీ అక్కకీ తొందరెక్కువ. మెషిన్ ఆగిందో లేదో, నూనె కూడా తుడవనివ్వకుండా అచ్చు లాక్కుపోతుంది. నన్ను ఒక్కసారి చూసుకోనియ్యవే అంటే వినదు. అలా రుద్దితే చేతులు వాయవూ?"

"అందుకే హైస్పీడుది అంటున్నా."

"దాని కట్టర్లు సన్నం. గట్టిగా తుమ్మితే విరిగిపోతాయి. పైగా పక్కన వెల్డింగు వాడు సుత్తి వేసినప్పుడల్లా మన నేల అదురుతుంది."

"మెషిన్ కింద విడిగా పునాది వేసిస్తామన్నాడు డీలరు. నువ్వు తల ఊపావు కూడా."

"ఊపితే ఒప్పుకున్నట్టా?"

"ఏం అడిగినా ఊపావు బావా. మీ పేరేంటండీ అని అడిగాడు, దానికీ ఊపావు. గంగిరెద్దులా."

"వాడు నసిగితే నేనేం చెయ్యను? ఈ కాలం కుర్రాళ్ళకి నోరు తెరిచి మాట్లాడటం రాదు. నాకు ఓపిక లేదురా. మామూలుది అని చెప్పెయ్, గొడవ వదిలిపోతుంది."

"పోనీ, మామూలుదే కొందాం. పాతదీ మామూలుదేగా. దాని బేరింగు ఎలా పోయింది?"

"పోయేది పోతుంది. చెప్పాపెట్టకుండా బిగుసుకుపోయింది."

"బేరింగు చెప్పాపెట్టకుండా పోదు. పోయే ముందు రోజుల తరబడి ఈల వేస్తుంది. నాకు నేర్పింది నువ్వే. స్క్రూడ్రైవరు మొన మెషిన్‌కి, పిడి చెవికి. కంటితో కోసేవాడు కూలివాడు, చెవితో కోసేవాడు పనివాడు అని నెత్తి మీద మొట్టి మరీ చెప్పావు."

"చెప్పాను. ఇప్పటికీ అదే చెబుతా. కట్టర్ అదిరితే కీచుమంటుంది. కీచుమనగానే స్పీడు తగ్గించాలి, లేకపోతే ఉక్కు మీద అలలు అలలుగా గీతలు పడతాయి. నా పని మీద ఒక్క గీత చూపించు. ఒక్కటి."

"లేదు. అదేగా నేననేది. అంత చెవి ఉన్నవాడివి, ఆ కొత్తదాని ముందు నిలబడితే..."

"ఆ మూగదాని ముందా? మెషిన్ అన్నాక నోరుండాలి. అది కోస్తోందో కునుకు తీస్తోందో తెలియదు. గాజు తలుపు వెనక ఏదో గిర్రున తిరుగుతుంది, అంతే. చప్పుడు లేని మెషిన్ని నేను నమ్మను."

"చప్పుడు లేదా?"

"ఎక్కడుంది?"

"బావా."

"ఏంటి?"

"అది తిరుగుతుంటే నేను చెవులు మూసుకున్నాను. డీలరూ మూసుకున్నాడు. నాకు పళ్ళు జివ్వుమన్నాయి. నువ్వొక్కడివే తలుపు మీద చెయ్యి వేసుకుని నిలబడ్డావు. మా బావది ఏం గుండె అనుకున్నాను."

"టీ ఉందేమో చూడు."

"టీ తర్వాత. నీకు వినపడలేదా?"

"ఫ్లాస్కులో ఉండాలి."

"ఇటు చూడు బావా. వినపడలేదా?"

"లావు చప్పుళ్ళు వినపడతాయి. లారీ వినపడుతుంది, సుత్తి వినపడుతుంది, నీ అరుపులు వినపడుతున్నాయి. సన్నవి పోయాయి. వాన పడుతోందని కిటికీలోంచి చూసి తెలుసుకుంటున్నా."

"ఎప్పట్నుంచి?"

"జుట్టు ఎప్పుడు నెరిసిందంటే ఏం చెబుతాం."

"డాక్టరుకి చూపించాల్సింది."

"చూపిస్తే నలుగురికీ తెలుస్తుంది. చెవిటివాడికి అచ్చు పని ఎవడిస్తాడు? మామూలు మెషిన్ అయితే అదురు కాళ్ళకి తెలుస్తుంది, చేతికి తెలుస్తుంది, ఎలాగో నెట్టుకొస్తాను. ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చాను కదా. నువ్వు చెప్పినది తెస్తే దాని ముందు నేనొక కొయ్యబొమ్మని. మీ అక్క చేతులా, నా పనా అంటే, నా పనే కావాలంటున్నా. సిగ్గులేని మాటే. అనేశాను."

"మెల్లగా. అక్క రాయి ఆపింది."

"ఆపిందా? నాకెలా తెలుస్తుంది."

"అక్కకి తెలుసా ఇది?"

"తెలియదు. తెలియనివ్వకు."

"నాకు ఒక్కటి అంతుబట్టడం లేదు. కీచు వినపడకుండా ఇన్ని అచ్చులు ఎలా తీశావు? ఒక్కటీ వెనక్కి రాలేదు. అన్నీ అద్దాలే."

"చెవి పోయినా చెయ్యి పోలేదురా. దానంతటది చూసుకుంటుంది. ఆ ఒక్క నమ్మకం మీదే బతుకుతున్నా."

"ఒరేయ్ తమ్ముడూ, ఈ ఫ్లాస్కు మూత తియ్యి. నాకు తిరగడం లేదు."

"అక్కా, ఎంతసేపైంది నువ్వొచ్చి?"

"ఇప్పుడే. కానీ గోడ పలచన. ఆయనకి వినపడాలని నువ్వు అరుస్తూనే ఉన్నావు."

"మీ తమ్ముడూ నేనూ మెషిన్ సంగతి మాట్లాడుకుంటున్నాం. నీకు తెలియని గొడవలే."

"బేరింగు ఈల వేస్తోందని నేనొచ్చి చెప్పినప్పుడూ ఇదే మాటన్నారు."

"అన్నానా?"

"అన్నారు. చల్లారిపోతుంది, టీ తాగండి."

"మరి మళ్ళీ ఎందుకు చెప్పలేదు?"

"మళ్ళీ అదే మాట పడాలని లేక. అంతకు ముందు నుంచీ చెప్పనివి కూడా ఉన్నాయి లెండి. ఇప్పుడెందుకు. ఏ మెషిన్ అయినా తెచ్చుకోండి, నాకు ఒకటే."

"అక్కా, నీ చేతుల కోసమే కదా ఇంత సేపూ వాదించింది."

"నా చేతులకి ఆ మెషిన్‌తో సంబంధం లేదురా."

"ఏంటి నువ్వు చెప్పనిది? చెప్పు. నా వైపు తిరిగి చెప్పు, పెదాలు చూస్తాను."

"చెయ్యి దానంతటది చూసుకుంటుందన్నారు కదా ఇందాక. అది నా చెయ్యండీ. కట్టర్ ఎన్నాళ్ళుగానో కీచుమంటూనే ఉండేది, మీరు స్పీడు తగ్గించేవారు కాదు, నాకు గోడ అవతల వినపడుతూనే ఉండేది. ఆ గీతలు మీ కంట పడితే ఏమైపోతారోనని, నూనె తుడవకముందే అచ్చు లాక్కుపోయి రుద్దేసేదాన్ని."