దగ్గర్లోనే ఉందండీ

నీ దోస్తు చేసిన పని చెప్త, ఇను ప్రేమ్. ఎల్లుండి సమాధుల పండుగ. అందరు వాళ్లోళ్ల రాళ్లకు నిమ్మలంగ సున్నమేస్తున్నరు. నేను నీ రాయికి కోపంల ఏస్తున్న. మరకలు పడితే నన్ననకు.

ఏం మంచోడయ్యా నీ ఉదయభాస్కర్. ఎయిర్‌పోర్టు కార్గోల నీ పక్క కుర్చీ, ఇద్దరు ఒక్క డబ్బల తిన్నోళ్లు. నేను గూడ నోరార అన్నా అని పిలిచిన.

గొంతు ఆపరేషన్‌కు పొయ్యేముందు నీ మాట రికార్డు చేసి చిన్న మెమరీ కార్డుల పెట్టినవ్. నా చేతికిస్తే మూలకు కూసోని ఏడుస్తనని, ఇయ్యలే. "డబ్బీల పెట్టి ఉదయ్‌కు ఇచ్చిన, దాస్తడు, ఎతుక్కో" అని పలక మీద రాసి చూపిచ్చినవ్. అప్పటికే మాట పోయింది గదా.

ఆదివారం ప్రార్థన కాంగనే మనమాడే ఆటే. జియోక్యాచింగ్. ఎవలో ఏడనో డబ్బి దాస్తరు, జాగ నంబర్లు నెట్‌ల పెడ్తరు, మనం జీపీఎస్ పట్టుకోని దేవులాడాలె. నీకదొక పిచ్చి, నీ ఎంబడి నాకు.

నువ్వు పొయినంక ఉదయన్న నంబర్లిచ్చిండు. షాద్‌నగర్ రోడ్డు కాడ గుట్ట. జీపీఎస్ మిషిను బండల దాక తోల్కపోయి వదిలేస్తది, ఇగ మన చేతులే. సందు సందుల చెయ్యి పెట్టిన. తేలు కుట్టకుంట నువ్వే కాపాడినవేమో. మేకలు కాసేటామె, ఏం పోగొట్టుకున్నవ్ బిడ్డా అన్నది. ఏం చెప్పాలె? మా ఆయన గొంతు అంటనా?

నీ గొంతు నా దగ్గర ఇంకేడ ఉంది చెప్పు. ఫోన్ల లేదు. పెండ్లి సీడీల బ్యాండు సప్పుడు తప్ప ఏం ఇనొస్తలేదు.

యాసంగి పోయింది, వానలొచ్చినయి. ప్రతి ఆదివారం ఉదయన్ననే స్కూటర్ మీద దించి, బండ మీద కూసునేది. జాగ చెప్పు అన్నా అంటే, "ప్రేమ్‌కి మాటిచ్చానండీ, చెప్పకూడదు. ఓపిక పట్టండి, దగ్గర్లోనే ఉందండీ" అనేది.

పట్టిన. దొరకకపోతే కూసోని నీళ్లు తాగు, దాచినోడు ఎట్ల వంగుతడో ఆలోచించు అని నువ్వే గదా నేర్పినవ్. ఉదయన్నకు మోకాళ్ల నొప్పి, కింద పెట్టడులే అని నడుమెత్తు సందులన్ని మళ్ల మళ్ల ఎతికిన. చూస్కుంట కూసున్నడు ప్రేమ్. చేతులు గీరుకపోతుంటే చూస్కుంట కూసున్నడు.

మొన్న వాన కొట్టింది. సీటు తుడుద్దామని, బట్ట కోసం స్కూటర్ డిక్కీ తెరిచిన. అండ్ల ఉంది డబ్బి. సైకిల్ ట్యూబ్ ముక్క చుట్టి, రెండు ముళ్లేసి. నీ ముడి నాకు తెల్వదా? గుట్ట మీద అసలు పెట్టనే లేదంట.

ఎందుకన్నా, అని అడిగిన. మొకం దించుకోని, "దొరికితే మీరిక రారు కదండీ రెబెక్కాగారూ. ఆదివారం నాతో మాట్లాడే మనిషి మీరొక్కరే" అన్నడు.

నేను అన్నా అంటే ఆయన ఒక్కనాడన్న చెల్లెమ్మా అనలే. గప్పుడే నాకు తెల్వాల్సుండె.

డబ్బి పట్టుకోని ఆటోల ఇంటికొచ్చి, తలుపేసుకోని, ఫోన్ల కార్డు పెట్టిన. వచ్చినవ్. దగ్గుకుంట, నవ్వుకుంట వచ్చినవ్. "రెబెక్కా, దొరికిందా? నీకు నిమ్మలం తక్వ, పరేషాన్ గాకు. ఉదయ్ ఉన్నడు. నన్ను నమ్మినట్టె వాణ్ని నమ్ము."

గంతే. ఇంకేం లేదు. ఇన్ని దినాలు బండలల్ల దేవులాడింది గీ మాటకా?

వాని పేరున్న ముక్క కోసి తీసేయొచ్చంట, ఫోన్ల దుకాణపాయన చెప్పిండు. తీసేస్తే ఏం మిగుల్తది? దగ్గు మిగుల్తది, నా పేరు మిగుల్తది.

తియ్యలే. ఇయ్యాల పొద్దుగాల గూడ మొత్తం ఇన్న. నీ గొంతు కావాలంటే వాని పేరు గూడ ఇనాలె. ఇంటున్న, ఏంజేయాలె.