తల వెనక వైపు

క్లాసు అయిపోయి అందరూ వెళ్ళిపోయారు. మట్టితో బొమ్మలు చెయ్యడం నేర్పే మాస్టారు, కొత్తగా చేరిన ఆవిడ బల్ల దగ్గర ఆగారు.

"ముందు గుడ్డు ఆకారం వస్తే చాలన్నానమ్మా. మీరు ఏకంగా మనిషి తలే చేసేశారు! ఎవరీ పాప?"

"మా చెల్లి. వరదలో కొట్టుకుపోయింది. మనిషి దొరకనేలేదు. ఒక్క ఫొటో మిగిలింది, అదీ ఎదురుగా తీసింది."

"మరి వెనక వైపు ఇంత బాగా ఎలా కుదిరింది?"

"రోజూ నేనేగా జడ వేసేదాన్ని. కళ్ళు మూసుకుంటే వేళ్ళకే గుర్తొచ్చింది."

"చెప్పడానికి నోరు రావడం లేదు గానీ, లోపల గుల్ల చెయ్యకుండా కాలిస్తే ఇది బట్టీలో పగిలిపోతుంది. నెత్తి దగ్గర తీగతో కోసి, లోపలి మట్టి తోడేసి, మళ్ళీ అతికించాలి."

"కాల్చకుండా అలాగే ఉంచేస్తే?"

"ఎండి బీటలు వారుతుంది. కాస్త దెబ్బ తగిలినా ముక్కలైపోతుంది. ఇలా ఇవ్వండి, నేను చేసిపెడతాను."

"వద్దు మాస్టారూ. ఆ తీగ నాకివ్వండి."

"మీరెప్పుడూ చెయ్యని పని, కష్టమమ్మా."

"కష్టమైతే కానివ్వండి. మీరు కాసేపు బయట కూర్చోండి. కొత్తవాళ్ళు తల ముట్టుకుంటే అది ఏడుస్తుంది."