గోడ దగ్గర నిలబడేవాడు

అక్షరాలు ముసలితనంలో నేర్చుకున్నాను. మెల్లగా రాస్తాను, తప్పులూ దొర్లుతాయి. మన్నించి చదవండి.

కార్ఖానా బస్తీలో ఒక మెకానిక్ షెడ్డు, దాన్ని నడిపే ఆలుమగలు. తెల్లారితే పాత జీపు వాళ్ల పిల్లలతో అనంతగిరి గుట్టలు ఎక్కి దిగాలి. ఆమె స్టీరింగ్ ముందు కూర్చుంది. భర్త బండి వెనక తట్టి చూపించాడు.

“స్టెప్నీ స్టాండుకు మళ్ల వెల్డింగ్ కొట్టిన. ఏనుగు ఊపినా ఊడదు.”

“స్టెప్నీ బండిని ఆపదు గద. బ్రేకుల సంగతేంది?”

“చేసుడు అయిపోయింది. బ్రేకు రబ్బర్లు సుత కొత్తయే ఏసిన.”

“అట్లయితే పో, ఆ గోడకు ఆనుకొని నిలబడు.”

“ఇంకా మీ నాయిన రివాజేనా?”

“షెడ్డు ఆయనదే. బ్రేకులు చేసినోడే బండి ముంగట నిలబడాలె. నేను నీ మీదికి తోలి బ్రేక్ కొడతా.”

“మొగుని మీద గింత నమ్మకం లేదా?”

“నమ్మకం నీకుంటె సాలు. పో.”

అతను నవ్వుకుంటూ వెళ్లి గోడకు వీపు ఆనించాడు. ఆమె గేరు వేసింది.

“వస్తున్న!”

“రా!”

జీపు కదిలిందో లేదో అతను పక్కకు దూకాడు. ఆమె ఇంజిన్ ఆపేసింది. గేరులో ఉన్న బండి ఒక్క కుదుపుతో నిలిచిపోయింది.

“ఎందుకు దూకినవ్?”

“కొత్త రబ్బర్లు దొరకలే. పాతయే కడిగి ఏసిన.”

“నువ్వంటే దూకినవ్. వెనక కూసున్న పిల్లలెట్ల దూకుతరు?”

అతను జాకీ తెచ్చి ఆ పాత రబ్బర్లు తీసేయడానికి ముందు చక్రం దగ్గర కూర్చున్నాడు.

— బాలమణి, అరవై ఏడేళ్లు. ఇప్పుడు చిలకలగూడలో ఉంటున్నాను.