కన్నియమ్మాళ్ మెడలో బిళ్ళ

ఏందే కావ్యా, పొద్దున్నించీ ఆ పుస్తకంలో తల దూర్చినావు? నర్సు పరీక్షకా? నువ్వు పైకి చదవతా ఉంటే చెవిన పడింది, లింఫోమా అని... ఆ పేరు నాకు విడమరచి చెప్పే పన్లేదు. తెలుగు అక్షరం ఒకటి రాదుగానీ ఆ మాట మాత్రం తెలుసు. మీ చిన్నవ్వకి వచ్చింది అదే కదా. నువ్వు యాడ చూసుంటావు, నువ్వు పుట్టకముందే పోయింది. కన్నియమ్మాళ్. చంద్రన్ తాత పెండ్లాం, నా తోడికోడలు. ఈ ఒర్లియంపేట ఇంట్లోనే, మా ఇద్దరికీ ఒకటే వంటిల్లు. ఎట్టుండేదంటే ఏం చెప్పేది... ఏ చీర కట్టినా దానికోసమే నేసినట్టు ఉండేది. అది నవ్వితే మా అత్త కూడా నవ్వేది, నా మొగం చూసి ఆయమ్మ ఒకనాడు నవ్విన పాపాన పోలేదు. సరి, అది పోనీ. చంద్రన్ తాత మిల్లునించి వస్తా దినమూ దానికి మల్లెపూలు తెచ్చేవాడు. మీ తాతదీ అదే మిల్లు, అదే షిఫ్టు, అదే దారి. ఒట్టి చేతులు ఊపుకుంటా వచ్చేవాడు. "పూలు యాడ?" అంటే, "ఏందీ, ఇంట్లో పెండ్లా?" అనేవాడు. దాని కొప్పు చూస్తా నేను కూరలో రెండుసార్లు ఉప్పేసేదాన్ని. పొరామై, ఇంకేంది! కడుపు కుళ్ళు.

ఆఁ, రోగం సంగతి కదా. మెడలో బిళ్ళ, అదే గడ్డ, దాంతోనే మొదలైంది. ఒకరోజు బియ్యం ఏరతా ఉంటే పక్కన కూచునింది. "అక్కా, ఇది చూడు" అని నా చెయ్యి తీసి మెడ మీద పెట్టుకునింది. ఉసిరికాయంత గడ్డ, రబ్బరు మాదిరి మెత్తగా. "నొప్పి లేదక్కా. జ్వరం వచ్చి పోతా ఉండాది, రాత్రిళ్ళు దిండు తడిసేంత చెమట." అప్పటికే రవికలు వదులైపోయినాయి దానికి. నేనేమన్నానో తెలుసా? "నొప్పి లేనిది రోగమేందే? జలుబుకి బిళ్ళ కట్టింది. మొగుడు నిన్ను ఇంకా నెత్తిన పెట్టుకోని తిరగాలనా ఈ నాటకం?" అన్నా. పావం, నా మాట మీద దానికి అంత నమ్మకం. ఎవరికీ చెప్పలేదు. నాలుగు నెలలు.

చంకలో కూడా బిళ్ళ లేచినాక చంద్రన్ తాతే చూసి పెద్దాసుపత్రికి తీసకపోయినాడు. నేనూ పోయినా తోడు. ఒక బిళ్ళ కోసి పరీక్షకి పంపించి, డాక్టరమ్మ నిదానంగా చెప్పింది, "రక్తం మాదిరే ఇంకో నీరు కూడా ఒళ్ళంతా తిరగతా ఉంటుందమ్మా. దాని దారిలో కాపలా కాసేవి ఈ బిళ్ళలు. ఆ కాపలా కణాలకే క్యాన్సర్ వచ్చింది. మందుకి లొంగుతుంది, భయపడొద్దు" అని. మళ్ళా అడిగింది, "ఇన్నాళ్ళూ ఎవరికీ చూపించలేదా?" అని. కన్నియమ్మాళ్ నా పక్క కూడా చూడలేదు. "నేనే గమనించలేదమ్మా" అనింది. చూడు, ఆ మంచితనం కూడా దానికే దక్కింది. నాకు దాని మీద ఇంకా కోపమొచ్చింది.

మందు ఎక్కిస్తే జుట్టంతా రాలిపోయింది. చంద్రన్ తాత తనూ గుండు కొట్టించుకోని వచ్చినాడు. అది వాంతులు చేసుకుంటే దోసిలి పట్టేవాడు. దాని గుండు మీద చెయ్యేసి నిమరతా ఉంటే గుమ్మంలో నిలబడి చూసేదాన్ని. చావుకి దగ్గరైన మనిషిని చూసి కూడా కుళ్ళుకుంటారా అంటావు. కుళ్ళుకున్నానే! నాకు జ్వరమొస్తే మీ తాత "కాఫీ ఎవరు పెడతారు?" అనేవాడు. ఆరు విడతలకి నయమైంది. జుట్టు మళ్ళీ మొలిచింది, అదీ ఉంగరాలు ఉంగరాలుగా. అదీ చూసి ఓర్చుకోలేకపోయినా. ఏడేళ్ళు బాగుండింది. ఎనిమిదో ఏడు తిరగబెట్టింది, ఈసారి మందుకి లొంగలేదు.

ఆనాడు నేనన్న మాట చంద్రన్ తాతకి నేటిదాకా తెలీదు. "వదినా, నువ్వు దానికి తల్లి మాదిరి" అంటాడు. అన్నప్పుడల్లా నోటిదాకా వస్తుంది, మింగేస్తా. నువ్వు చదువుకున్నదానివి కదా, చెప్పు. నాలుగు నెలలు ముందే ఆసుపత్రికి పోయుంటే తిరగబెట్టేది కాదా? ఆ పుస్తకంలో రాసుంటుందే... ఏందే, పేజీలు తిప్పతా ఉండావు? రాసుందా, లేదా?

ష్... చంద్రన్ తాత వాకిట్లో చెప్పులు విడస్తా ఉండాడు. పుస్తకం మూయి. రా చంద్రా, రా, కూచో. చేపలేమన్నా వచ్చినాయా మార్కెట్లో?