నూనె డబ్బా బొమ్మ

దోహా నుంచి మదీనత్ అల్ షమాల్ వెళ్లే హైవే పక్కన ఒక పాత కారు ఆగింది. కారు అతను బాబా అని పిలిచే ఖతరీ యజమానిది. డ్రైవర్ భూమేష్ ఫోన్లో మాట్లాడుతున్నాడు. అవతల ముఐథర్ గ్యారేజీలో మెకానిక్ సమద్.

"ఎర్రదా, పసుపుదా? గదొక్కటి చెప్పు ముందు."

"ఎర్రదే సమద్ భాయ్. చిన్న నూనె డబ్బా బొమ్మ. దాని మూతికి ఒక చుక్క."

"ఇంజన్ బంద్ చేసినవా?"

"చేస్త."

"చేస్త కాదు తమ్మీ, చెయ్. అది ఆయిల్ లైటు. గట్లనే నడిపితే ఇంజన్ పట్టేస్తది. నలభై ఏండ్ల బండి. మళ్ల గసొంటి ఇంజన్ యాడ దొరుకతది?"

"చేసిన, చేసిన. బంద్ అయింది. భాయ్, ఇప్పుడు మూడు. నాలుగింటికి షమాల్‌ల ఉండాలె. పాత బండ్లన్నీ షోకు లైన్‌ల నిలబెడ్తున్నరు. మా బాబా ఆడ్నే ఉన్నడు, దోస్తులందరితోని."

"రికవరీ బండి పంపాల్నా?"

"వద్దు, వద్దు. పొద్దుగాల బాబా ఏమన్నడో ఎరుకేనా? ఇది వాళ్ల నాయన కొన్న బండి. తన చక్రాల మీద తను వస్తే నువ్వు నా డ్రైవర్‌వి. వేరే బండి మీదెక్కి వస్తే ఆదివారం నుంచి మళ్ల సైటుకే, రాడ్లు మొయ్య అన్నడు."

"నవ్వుకుంట అన్నడా, నవ్వకుండనా?"

"నవ్వుకుంటనే అన్నడు. గందుకే భయం."

"సరే. లైటు పడ్డంక ఇంజన్‌ల టకటక సప్పుడు వచ్చిందా?"

"లే. సాఫ్‌గ నడిచింది."

"బానెట్ ఎత్తు. ఆయిల్ చూసే పుల్ల గుంజు, తుడువు, మళ్ల పెట్టి గుంజు."

"ఆగు భాయ్. ఒకాయన పక్కకు బండి ఆపి ఈ కారుతోని ఫోటో దిగుతున్నడు."

"దిగనీ. నువ్వు నిలబడి నవ్వకు. పుల్ల చూడు."

"నవ్వుతలే. పై గీత కాడికి ఉంది ఆయిల్."

"కింద కారుతుందా?"

"లే. నేల పొడిగుంది."

"ఆయిల్ ఉంది. సప్పుడు లేదు. కారుడు లేదు. మొన్ననే నేను సర్వీస్ చేసిన. మరి లైటెందుకు పడ్డది? బానెట్ కింద ఎవరన్న చెయ్యి పెట్టిన్రా?"

"ఎవరు పెడ్తరు?"

"నిన్నే అడుగుతున్న."

"నేనా? నేను... నీళ్లు చూసిన."

"ఇంకా?"

"నీళ్లే చూసిన భాయ్."

"భూమేష్."

"జర నిమ్మకాయ కట్టిన."

"ఏం కట్టినవ్?"

"ఒక్కటే నిమ్మకాయ. ఏడు మిరపకాయలు. బయట కడితే బాబా ఏమంటడో అని లోపల కట్టిన. మొదటి రోజు గద."

"యా అల్లా. ఉమ్ ఘువైలినా బజార్ల కూరగాయలన్నీ తెచ్చి నా ఇంజన్‌ల కట్టిండు. అది ఇంజనా, పచ్చడి జాడీనా?"

"తప్పయింది."

"బండి ఆయిల్ మీద నడుస్తది తమ్మీ, దారం మీద కాదు. బెల్టుల పడితే? వైరు పట్టుకొని గుంజితే? తెలివున్నోడు ఎవడన్న ఇంజన్ పక్కన దారం కడ్తడా?"

"తిట్టు గని, ముందు బాగ చెయ్ భాయ్. మూడుంపావు అయితుంది."

"ఇను. ఆయిల్ ఫిల్టర్ పక్కన ఇంజన్‌కు బిగించిన చిన్న ఇత్తడి బిళ్ల ఉంటది. దానికి ఒక్కటే వైరు. కనపడ్తుందా?"

"బిళ్ల కనపడ్తుంది. వైరు దానికి లేదు. ఊడి, కొస ఇంజన్ ఇనుముకు తాకుతుంది."

"దొరికిండు దొంగ. ఆ కొస ఇనుముకు తాకితే ఆయిల్ ఎంతున్నా లైటు వెలుగుతది. బండికి ఏం కాలే. గుడ్డ పట్టుకొని నెట్టు, వేడుంటది. టక్కుమనాలె."

"అబ్బ, కాలింది. ఆ... టక్కుమంది."

"స్టార్ట్ చెయ్. లైటు?"

"వెలిగింది. పోయింది. పోయింది భాయ్."

"యల్లా, పో. టైముకు చేరుతవ్. గాని ముందు ఆ నిమ్మకాయ దారం తెంపు. వైరును గుంజింది అదే."

"గదే చూస్తున్న. నిమ్మకాయ నేను కట్టిన కాడనే ఉంది, ముందల జాలీకి. వైరుకు మూరెడు దూరం."

"అయితే వైరును ఏం గుంజింది?"

"వైరుకు ఇంకో దారం చిక్కుకొని ఉంది. నల్లది. దాని కొసకు ఆకుపచ్చ గుడ్డల కుట్టిన తాయెత్తు వేలాడుతుంది... సమద్ భాయ్? లైన్‌ల ఉన్నవా?"

"ఉన్న."

"బాబా కట్టిండంటవా?"

"బాబా ఎందుకు కడ్తడు?"

"మరెవరు?"

"అది మీ వదిన కనీజ్ ఊరి నుంచి పంపింది, నా పానం మంచిగుండాలని. మొన్న సర్వీస్ చేసేటప్పుడు బాబా చెప్పిండు, డ్రైవర్ నువ్వేనని. నువ్వు నేర్చుకునేటప్పుడు ముఐథర్ రౌండబౌట్‌ల నీ డ్రైవింగ్ చూసిన గద తమ్మీ, నాకన్న నీకే అవసరమని కట్టిన."