పియానో పక్కన కుర్చీ

"గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు. ఉన్నది ఉన్నట్టు చెప్తాను. ఆ ఆల్బంలో నేను చేసిందల్లా పేజీలు తిప్పడమే."

అలా మొదలుపెట్టాడు భోషాణం. పియానోలు అద్దెకిచ్చే కొట్లో ఇరవై ఏళ్ళుగా అతనిది మోత పని, ఆ పేరు అలా వచ్చిందే. టీ కొట్టు బల్ల మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. ఎదురుగా వాళ్ళక్క మొగుడు, దర్జీ. పక్కన సంచీ దించుకుని పోస్టుమాన్. పొయ్యి దగ్గర టీ కొట్టు పిన్ని. చివరి బల్ల మీద ఎవరో కళ్ళజోడావిడ ఒక్కతే టీ తాగుతోంది.

"ఏ ఆల్బంరా?" అన్నాడు దర్జీ, ఏమీ ఎరగనట్టు.

"ఏ ఆల్బమా? ఊరంతా చెవులకి తగిలించుకుని తిరుగుతుంటే అలా అడుగుతావేంటి బావా! పాటలమ్మాయి లేదూ, తనే రాసి, తనే పియానో వాయిస్తూ పాడుతుంది, బస్సుల్లో మోగిపోతుంటాయే, ఆ పాటలు. ఆ అమ్మాయికి ఈసారి ఏం బుద్ధి పుట్టిందంటే, నా పాటల వెనక డమడమలు వద్దు, పాతకాలంలో దొరల ఇళ్ళల్లో ఒక గదిలో నలుగురు కూర్చుని వాయించుకునేవాళ్ళే, ఆ శాస్త్రీయ సంగీతం కావాలి అని. రెండు వయొలిన్లు, ఒక వయోలా, మనిషంత చెల్లో ఒకటి, మధ్యలో మా కొట్టు పియానో. మరి ఆ పియానోని నాలుగో అంతస్తుకి ఎక్కించిందెవరు? నేను!"

"ఒక్కడివేనా?" అంది పిన్ని.

"ఆరుగురం అనుకో. మిగతా ఐదుగురూ ఊరికే చెయ్యి ఆనించారు. సరే, దించేసి వచ్చేద్దామనుకుంటున్నానా, పేజీలు తిప్పేవాణ్ణి ఎందుకో పంపించేశారట. ఆ అమ్మాయికి రెండు చేతులూ పియానో మీదే ఉంటాయి కదా, ఎదురుగా ఉన్న కాగితాలు ఎవరో ఒకరు తిప్పాలి. గదంతా చూసింది, చూసి చూసి నన్ను చూసింది. 'నేను తల ఊపినప్పుడు తిప్పుతారా అన్నా?' అంది. అన్నా అంది పిన్నీ! పియానో పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టారు."

"ఇంకేం, మళ్ళీ పిలిచారా మరి?" అన్నాడు పోస్టుమాన్. "ఆదివారం హాల్లో జనం ముందు వాయిస్తారటగా, పోస్టర్లు పడ్డాయి."

"పిలుస్తారు గురూ."

"పది రోజుల్నుంచి ఇదే మాట," అన్నాడు దర్జీ.

భోషాణం గొంతు కాస్త తగ్గింది. "పిలవాలి బావా. ఇరవై ఏళ్ళు మోశాను. గుమ్మాల్లోంచి దూర్చడం, దించడం, తుడవడం, వచ్చేయడం. అది మోగేసరికి నేను వీధిలో ఉండేవాణ్ణి. పక్కన కూర్చుని విన్నది అదే మొదటిసారి. ఇంకొక్కసారి ఆ కుర్చీలో కూర్చోవాలనుంది." అంతలోనే తేరుకున్నాడు. "అయినా పిలవక ఛస్తారా! నేను లేకపోతే ఆ ఆల్బమే లేదు. మూడో పాటలో ఏం చేశానో తెలుసా?"

"చెప్పు, చెప్పు."

"అందులో ఒక పేజీ నాకు నచ్చలేదు. మరీ సాగదీసింది. ఏం చేశాను? రెండు పేజీలు కలిపి తిప్పేశాను."

"తప్పు తిప్పావన్నమాట," అంది పిన్ని.

"కావాలని పిన్నీ, కావాలని! ఆ అమ్మాయి ఆగిందా? ఒక్క గెంతు గెంతి అవతలి పేజీలో పడింది. వెనకే ఆ నలుగురూ వాయిద్యాలతో సహా గెంతారు. ఇవాళ ఆ పాట అంత చురుగ్గా ఉందంటే అందులో నా చెయ్యుంది. ఇదేం చూశారు, ఐదో పాటలో ఆ అమ్మాయికి ఎడం చెయ్యి పట్టేసింది. రికార్డింగు నడుస్తోంది, ఆపడానికి లేదు. ఎడమ చేత్తో వాయించాల్సిందంతా నేను లాగించాను!"

"నీకు పియానో ఎప్పుడొచ్చిందిరా?"

"ఇరవై ఏళ్ళు మోస్తే వీపుకి ఎక్కదా బావా?"

"మరి పేజీలు?"

"కాలి బొటనవేలితో!"

పోస్టుమాన్‌కి పొలమారింది. పిన్ని వీపు మీద రెండు చరిచింది.

"నవ్వండి, నవ్వండి. అసలు సంగతి చెల్లోది. ఏడో పాట మధ్యలో దాని లావు తీగ టప్పున తెగింది. చెల్లో ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేనేం చేశాను? నా బూటు తాడు ఊడదీసి బిగించాను. అప్పుడొచ్చింది చూడండి నాదం! నాలుగంతస్తులూ ఝల్లుమన్నాయి. లిఫ్టు దానంతటదే పైకొచ్చి, తలుపులు తెరుచుకుని అక్కడే నిలబడిపోయింది, ఎంత నొక్కినా మూసుకోనంటుంది. ఎదురింట్లో పళ్ళ డాక్టరు మత్తు ఇవ్వకుండానే మూడు పళ్ళు పీకేశాడు, పీకించుకున్నాయన 'ఇంకోటి పీకండి, పాట అయిపోలేదుగా' అన్నాడు. కింద చౌరస్తాలో సిగ్నలు ఎర్రదీపం వేసి మళ్ళీ పచ్చదీపం వేస్తేనా! ఒక్క బండి వాడు హారను కొట్టలేదు. కొట్టిన వాడొక్కడూ శ్రుతిలో కొట్టాడు."

"ఆ తర్వాత?" అన్నాడు పోస్టుమాన్ కళ్ళు తుడుచుకుంటూ.

"ఆ తర్వాత ఏమైందో చెప్తే నమ్మరు. చివరి పాట. సాయంత్రమైంది. సూర్యుడు దిగిపోతూ దిగిపోతూ మా కిటికీ దగ్గరకొచ్చి ఆగాడు. ఆరైంది, ఏడైంది, ఏడున్నరైంది, కదలడే! వినాలిగా మరి, ఆయనకి మాత్రం చెవుల్లేవా? నేను ఆఖరి పేజీ తిప్పితే గానీ ఊళ్ళో చీకటి పడలేదు."

"అందుకా ఆ రోజు నా గడియారం గంటన్నర ముందుంది!" అన్నాడు పోస్టుమాన్.

"అదే గురూ, అదే! నీ గడియారం తప్పు కాదు. ఇంతకీ నేను చెప్పేదేంటంటే, పదకొండు పాటల్లోనూ చెవి పెట్టి వినండి, వినిపించేది నేనే."

"వినిపించరండీ."

అందరూ వెనక్కి తిరిగారు. చివరి బల్ల మీద కళ్ళజోడావిడ.

"ఆ పాటలన్నీ రికార్డు చేసింది నేనే. అద్దం వెనక గదిలో ఉన్నాను, మీరు నన్ను చూళ్ళేదు. ఒక్కొక్క పాట వందసార్లు విన్నాను. మీ చప్పుడు ఒక్కచోట కూడా లేదు."

దర్జీ తొడ చరుచుకుని నవ్వాడు. పిన్ని గరిటె వదిలేసి మరీ నవ్వింది. భోషాణం కాలు మీది కాలు మెల్లగా కిందికి దిగింది.

"మీకంటే ముందు ఇద్దర్ని పంపించేశాం," అంది ఆవిడ. "కాగితం గరగర, చొక్కా రాపిడి, ఒకాయన ఊపిరి. మైకు అన్నీ పట్టేస్తుంది. మీరు నలభై పేజీలు తిప్పారు, ఒక్క చప్పుడు రాలేదు. రెండు పేజీలు కలిపీ తిప్పలేదు. ఆదివారానికి మీరే కావాలని ఆ అమ్మాయి పట్టుబట్టింది. మీ కొట్లో అడిగితే ఇక్కడుంటారన్నారు."

భోషాణం లేచి నిలబడ్డాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నవ్వినవాళ్ళు నవ్వు ఆపేశారు.

"కానీ అరగంట నుంచి మీ మాటలు వింటున్నాను. హాల్లో జనం ముందు, అందరి కళ్ళూ మీ మీద, రెండు గంటలు నోరు మెదపకూడదు. మీ వల్ల అవుతుందా అని నాకు బెంగగా ఉంది."

"అవుతుందా ఏంటి మేడం, నేను గనక నోరు మూసుకున్నానంటే..."

"చెప్పొద్దు. నా టీ అయ్యేదాకా ఉండి చూపించండి."

భోషాణం టక్కున నోరు మూశాడు. పిన్ని గబగబా వచ్చి ఆవిడ గ్లాసు అంచుదాకా నింపి వెళ్ళింది.

ఆవిడ నింపాదిగా ఒక గుక్క తాగింది.

"అమ్మా, వీడు ఒకసారి పియానోని సందులో వదిలేసి పారిపోయాడండీ, కుక్క మొరిగిందని," అన్నాడు దర్జీ.

భోషాణం చెవులు ఎర్రబడ్డాయి. పెదాలు కదల్లేదు.

"పియానో లోపల అన్నం డబ్బా దాచుకునేవాడట కదా?" అన్నాడు పోస్టుమాన్.

ఇంకో గుక్క. భోషాణం బల్ల అంచు పట్టుకున్నాడు.

"దాచుకుంటే దాచుకున్నాడు గానీ," అన్నాడు దర్జీ, "ఇరవై ఏళ్ళు మోశాడు, పియానోకి ఎన్ని మీటలుంటాయో చెప్పమనండి చూద్దాం. తెలిస్తే ఒట్టు!"

అది తగిలింది. భోషాణం ఊగిపోయాడు. నోరు తెరవబోయి, ఎడమ చేత్తో గట్టిగా మూసుకున్నాడు. అయినా ఊరుకోలేక ఆ చెయ్యి తీసి, పెదాలు బిగించి, రెండు చేతులూ ఎత్తి ఎనిమిది వేళ్ళు చూపించాడు. దించి, మళ్ళీ ఎనిమిది చూపించాడు.

"పదహారంటున్నాడు!" అని దర్జీ విరగబడి నవ్వాడు.

భోషాణం రెండు చేతులతో నెత్తి బాదుకున్నాడు. మాట మాత్రం రాలేదు.

ఆవిడ ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టింది.

"ఎనభై ఎనిమిది," అంది. "ఆదివారం నాలుగింటికి రండి అన్నా."