డ్రైవరుకు రాని వాసన

కుమాసీలో మెకానిక్కుల వాడ. వ్యాను ముందు డ్రైవరు నిలబడ్డాడు. మెకానిక్కు ఇంజను మీదికి వంగింది.

"ఏదో వాసనంటూ ఎక్కినవాళ్ళు దారి మధ్యలోనే దిగిపోతున్నారక్కా. నాకైతే ఏమీ రావట్లేదు."

"పెట్రోలు గొట్టం చిట్లి వేడి ఇంజను మీద కారుతోంది. నిజంగా తెలియట్లేదా?"

"తెలిస్తే నడుపుతానా?"

"ఈమధ్య జ్వరమేమైనా వచ్చిందా?"

"పోయిన నెల గట్టిగానే వచ్చింది. మంచం దిగినప్పట్నించి ఇంట్లో రోజూ గొడవే. సెర్వా, అదే మా ఆవిడ, కూరలో ఎండుచేప వేయడం మానేసింది."

"మానేసిందని ఎలా తెలుసు?"

"చేప కూరలో కరిగిపోతుంది కదక్కా, కంటికేం కనబడుతుంది? వాసన రావట్లేదు, అందుకే తెలిసింది."

"సీటు మీద ఆ క్యారేజీ ఆవిడ కట్టిందేనా?"

"అవును, పొద్దున కట్టింది."

"తలుపు తీయగానే నాకు పెట్రోలు కంటే ముందు ఆ చేప వాసనే కొట్టింది. గొట్టం నేను మారుస్తాను. నువ్వెళ్ళి సెర్వాతో మాట్లాడు."